సదస్సుకు చిన్న పరిశోధన పత్రం సిద్ధపరచుట: కాపరులకు, వేదాంత విద్యార్థులకు కొన్ని సూచనలు

సదస్సులకు వచ్చే పత్రాలను చదివి ఎంపిక చేసే పని కొన్ని సంవత్సరాలుగా మా మీద ఉంది. వాటిలో సగానికి పైగా సంఘ కాపరులు వ్రాసినవి, తక్కినవి బి.డి., ఎం.టిహెచ్. విద్యార్థులు వ్రాసినవి. మేము పక్కన పెట్టవలసి వచ్చిన వాటిలో చెడ్డ వ్రాతలు తక్కువే. ఎక్కువ భాగం మంచి ప్రసంగాలు. ఏ ఆదివారమైనా కూర్చొని ఆనందంగా వినదగినవి. అయితే పరిశోధన పత్రాలుగా వాటిని స్వీకరించలేకపోయాం. "మా పత్రంలో లోపమేమిటి?" అని అడిగినవారికి ఒక్కొక్కరికి విడివిడిగా ఉత్తరం వ్రాసే బదులు, మేము చెప్పదలచినదంతా ఈ వ్యాసంలో పెడుతున్నాం.

ప్రసంగం వేరు, పత్రం వేరు

ప్రసంగం చేసే సేవకుడు వాక్యపు అధికారం కింద నిలబడి మాట్లాడతాడు. విన్న సంఘం "ఆమేన్" అంటుంది. పత్రం చదివే వ్యక్తి ముందు కూర్చున్నవారికి మరొక మాట అనే హక్కు ఉంది: "ఇది మీకెలా తెలుసు?" పత్రంలోని ప్రతి వాక్యమూ ఆ ప్రశ్నకు నిలబడగలిగి ఉండాలి. మన కాపరులలో కొందరికి ఆ ప్రశ్న అవిశ్వాసంగా, కొన్నిసార్లు అవమానంగా కూడా తోస్తుంది. బెరయవారు పౌలు చెప్పిన సంగతులు అలాగే ఉన్నాయో లేదో అని ప్రతిదినం లేఖనాలు పరిశీలించారు, అందుకు లూకా వారిని ఘనులని మెచ్చుకొన్నాడు (అపొ. కా. 17:11). అపొస్తలుని మాటనే పరిశీలించగా లేనిది, మన పత్రాన్ని పరిశీలిస్తే నొచ్చుకోవలసిన పనేమీ లేదు.

లూకా ప్రస్తావన వచ్చింది గనుక ఒక సంగతి. ఆయన సువార్త మొదటి నాలుగు వచనాలను పరిశోధన పత్రపు పీఠికగా ఒకసారి చదివి చూడండి. తనకు ముందే అనేకులు ఈ విషయం వ్రాయడానికి పూనుకొన్నారని చెబుతాడు. సమాచారం ప్రత్యక్ష సాక్షుల నుండి వచ్చిందంటాడు. తాను మొదటి నుండి అన్నిటినీ తరచి చూశానంటాడు. ఎవరి కోసం, ఏ ప్రయోజనం కోసం వ్రాస్తున్నాడో చెప్పి ముగిస్తాడు. పూర్వ రచనలు, ఆధారాలు, పద్ధతి, ఉద్దేశం అన్నీ నాలుగు వచనాలలో ఉన్నాయి. మాకు వచ్చే పత్రాలలో పీఠిక మూడు పేజీలు నడిచి కూడా ఈ నాలుగింటిలో ఒక్కటీ ఉండదు. "సృష్ట్యాది నుండి మానవుడు దేవుని వెదకుచున్నాడు" అని మొదలై, రెండవ పేజీలో అబ్రాహాము, మూడవ పేజీలో సంస్కరణోద్యమం దాటి, అసలు విషయానికి వచ్చేసరికి సమయం అయిపోతుంది.

మరొక తేడా కూడా ఉంది. మంచి ప్రసంగీకుడు ముఖ్యమైన మాటను చివరకు దాచుకొంటాడు. పత్రంలో అది మొదటి పేరాలోనే చెప్పాలి. నా ప్రశ్న ఇది, నాకు దొరికిన జవాబు ఇది, ఎలా దొరికిందో ఇప్పుడు చూపిస్తాను అనాలి. శ్రోతలు జవాబు తెలుసుకొని, ఆపైన ఆధారాలను తూకం వేస్తూ వింటారు.

ప్రశ్నను చిన్నది చేసుకోవడం

'బైబిలులో నీరు', 'ఆంధ్రదేశంలో సువార్త చరిత్ర', 'నేటి యువత – సంఘ బాధ్యత' వంటి శీర్షికలు మాకు తరచుగా వస్తాయి. వీటిలో ఏ ఒక్కటైనా ఒక గ్రంథానికి సరిపోతుంది. ఎనిమిది పేజీలలో దీనిని పట్టాలనుకోవడం గోదావరిని చెంబుతో కొలవబోవడమే. ప్రశ్నను చిన్నది చేసుకోండి అంటే "మాది చిన్న బుద్ధి అంటున్నారా?" అని నవ్వుతూనే అడిగిన దైవజనులున్నారు. అందుచేత ఒక ఉదాహరణ తీసుకొని చివరి దాకా నడిపించి చూపుతాం.

1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెలుగు బాప్టిస్టు సంఘాలలో ఈ సంఖ్య తెలియని కుటుంబం అరుదు. పెంతెకొస్తు దినాన చేరిన మూడు వేలమందితో (అపొ. కా. 2:41) దీనిని పోల్చి చెప్పడం వార్షికోత్సవ ప్రసంగాలలో ఆనవాయితీ. దీనిమీద పత్రం వ్రాస్తామని వచ్చేవారి మొదటి చిత్తుప్రతిలో సాధారణంగా ఇలా ఉంటుంది: "క్లౌ దొరగారు ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి."

ఇక్కడే ఆగాలి. ఆ రోజున బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒక్కొక్కసారి ఇద్దరు చొప్పున వంతులవారీగా నీళ్ళలో నిలిచారు. జాన్ ఎవరెట్ క్లౌ పర్యవేక్షించారు. ఉదయం, మధ్యాహ్నం తరువాత కలిపి సుమారు తొమ్మిది గంటలు పట్టిందని మిషన్ కథనాలు చెబుతాయి. లెక్క వేసి చూడండి. ఇద్దరు బోధకులు, 540 నిమిషాలు, 2,222 మంది. ఒక్కొక్కరి ముందుకు దాదాపు అర నిమిషానికి ఒకరు వస్తారు. అసాధ్యమేమీ కాదు, లెక్క కుదురుతుంది. ఈ లెక్కకు ఐదు నిమిషాలు కూడా పట్టదు గాని, అది వేసిన క్షణం నుండి ప్రశ్నలు పుడతాయి. ఆ ఆరుగురు ఎవరు? అంతమందిని అంతకుముందు ఎవరు పరీక్షించారు? పేర్ల పట్టీలు ఎవరు వ్రాశారు, అవి ఎక్కడున్నాయి? మనం ఏటేటా చెప్పుకొనే కథలో ఆ ఆరుగురి పేర్లు ఎందుకు వినబడవు? ప్రసంగానికి ఆ సంఖ్య చాలు. పత్రం ఆ సంఖ్య వెనుకకు వెళ్ళాలి.

ఇంకా కొంచెం వెనుకకు వెళ్దాం. 1876–78 సంవత్సరాలు మద్రాసు రాజధానిలో మహా కరువు కాలం. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి పని కల్పించారు. తవ్వకం పనిలో ఉన్న బోధకులు కూలీలతో సువార్త చెబుతూ వచ్చారు. అయినా సుమారు 15 నెలలపాటు బాప్తిస్మాలు నిలిపివేశారు. 1878 జూన్‌లో మళ్ళీ ఆరంభించారు. ఆ సంవత్సరం ముగిసేసరికి బాప్తిస్మం పొందినవారు తొమ్మిది వేలు దాటారు. జూలై 3 ఆ ప్రవాహంలో ఒక రోజు మాత్రమే.

మా దృష్టిలో పరిశోధకునికి 2,222 కంటే ఆ 15 నెలలే విలువైనవి. జనం వస్తుంటే తలుపు మూసి ఉంచడం ఏ మిషనుకైనా తేలిక కాదు. కూటి కోసం వచ్చారన్న మాట పడకూడదనే నిలిపివేశారని మనం సాధారణంగా చెప్పుకొంటాం. అలా చెప్పినది ఎవరు? ఎప్పుడు చెప్పారు?

చాలామంది ఆధారంగా చూపే పుస్తకం 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్'. అది క్లౌ ఆత్మకథ రూపంలో, "నేను" అని సాగుతుంది. కాని అచ్చయినది 1914లో. క్లౌ 1910లోనే ప్రభువునందు నిద్రించారు. ఆయన మాటలను కూర్చి వ్రాసినది భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. 1878 నాటి సంగతులకు ఆమె ప్రత్యక్ష సాక్షి కాదు. ఇంటిపేరు చూసి విద్యార్థులు గుర్తుపట్టే ఉంటారు. సామాజిక సువార్త వేదాంతానికి పేరుమోసిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె సోదరుడే. ఆయన 'క్రిస్టియానిటీ అండ్ ది సోషల్ క్రైసిస్' 1907లో వెలువడింది. మరి ఒంగోలు జ్ఞాపకాలకు 'సోషల్ క్రిస్టియానిటీ' అని పేరు పెట్టినప్పుడు, 1878 నాటి సంగతుల మీద 1914 నాటి భాష ఏమైనా కప్పబడిందా? మరోవైపు, కరువు నడుస్తున్న కాలంలోనే క్లౌ అమెరికాకు వ్రాసిన ఉత్తరాలు, నివేదికలు ఉన్నాయి. వాటిలో కొన్ని 'బాప్టిస్ట్ మిషనరీ మ్యాగజైన్' సంచికలలో అచ్చయ్యాయి.

ఇప్పుడు ప్రశ్న చిన్నదయింది: బాప్తిస్మాలు నిలిపివేసినందుకు క్లౌ 1877–78లో చెప్పిన కారణమూ, 1914 పుస్తకంలో కనబడే కారణమూ ఒకటేనా? ఇది ఎనిమిది పేజీలకు సరిపోతుంది. ఆధారాలు రెండే కుప్పలు. సదస్సులో కూర్చున్న ఎవరైనా ఇంటికి వెళ్ళి సరిచూడవచ్చు. జవాబు "అవును" అని తేలినా పత్రం పత్రమే, "కాదు" అని తేలినా పత్రమే. ముందే జవాబు నిర్ణయించుకొని దానికి తగిన వాక్యాలు ఏరుకొనేవారికి మాత్రం ఈ ప్రశ్న పనికిరాదు.

ఇది మిషనరీ చెప్పిన కారణాల మీద ప్రశ్న అని, బాప్తిస్మం పొందినవారి కారణాల మీద కాదని పత్రంలో స్పష్టంగా వ్రాయాలి. ఆ జనం ఎందుకు వచ్చారో తెలుసుకోవాలంటే వేరే ఆధారాలు కావాలి. క్లౌ ఒంగోలులో స్థిరపడిన 1866లోనే బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన మాదిగ బంధుజనం ఈ ఉద్యమాన్ని ఊరూరా ఎలా మోసుకువెళ్ళారో ఎమ్మా క్లౌ 1899లో వెలువరించిన 'వైల్ సూయింగ్ శాండల్స్' కొంత చెబుతుంది. అదీ తెలుగులో చెప్పిన కథలు ఆంగ్లంలోకి మారిన రూపమే. అది రెండవ పత్రానికి వస్తువు. ఒక్క పత్రంలో రెండూ పెట్టాలన్న ఆశను ఆపుకోవాలి.

ఆధారాల సంగతి

ఒక మాట ఎన్ని చేతులు మారి మనదాకా వచ్చిందో పత్రం చెప్పాలి. కరువులో వ్రాసిన ఉత్తరం ఒక రకం. ముప్పై ఆరేళ్ళ తరువాత అచ్చయిన ఆత్మకథ మరొక రకం. 1893లో డేవిడ్ డౌనీ వ్రాసిన మిషన్ చరిత్ర 'ది లోన్ స్టార్' ఇంకొక రకం. 1933లో జె. వాస్కమ్ పికెట్ సామూహిక ఉద్యమాలపై వెలువరించిన అధ్యయనం పూర్తిగా వేరు. అది తన కాలపు సంఘాలను చూసి వ్రాసినది. నాలుగింటినీ ఒకే వరుసలో నిలబెట్టి "చరిత్రకారులు చెప్పుచున్నారు" అనడం తగదు. పికెట్ పుస్తకంలో చూసిన క్లౌ మాటను, క్లౌ పుస్తకమే చదివినట్టు అథోజ్ఞాపికలో చూపడం అబద్ధమే. అది చాలా సామాన్యమైపోయింది గనుక ఈ మాట కొంచెం గట్టిగానే అంటున్నాం.

పాత పుస్తకాలు దొరకవన్న సాకు ఇప్పుడు అంతగా చెల్లదు. కాపీహక్కుల గడువు తీరిన మిషన్ గ్రంథాలు, పత్రికలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్ వంటి చోట్ల ఉచితంగా చదువుకోవచ్చు. బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో మిషన్ రికార్డుల భాండాగారం ఉంది. అమెరికన్ బాప్టిస్టు హిస్టారికల్ సొసైటీ సంగ్రహం అట్లాంటాలో ఉంది. చర్చి చరిత్రపై పత్రం ఎలా ఉంటుందో చూడదలచినవారు 1967 నుండి వస్తున్న 'ఇండియన్ చర్చ్ హిస్టరీ రివ్యూ' పాత సంచికలు నాలుగు తిరగేస్తే చాలు, మా వ్యాసం కంటే ఎక్కువ నేర్చుకొంటారు.

ఈ మధ్య ఒక కొత్త చిక్కు వచ్చింది. కృత్రిమ మేధ సాధనాలను అడిగి తెచ్చిన గ్రంథ పట్టికలలో ఎక్కడా లేని పుస్తకాలు, వ్రాయని పేజీలు కనబడుతున్నాయి. పేరు గంభీరంగా ఉంటుంది, ప్రచురణ సంవత్సరం కూడా ఉంటుంది, పుస్తకం మాత్రం ఉండదు. మీరు స్వయంగా తెరిచి చూడని పేజీని పట్టికలో చేర్చవద్దు.

తెలుగులో వ్రాసేవారికి ప్రత్యేకమైన సంగతులు రెండు మూడు ఉన్నాయి. విదేశీ పేర్లను ఒకచోట 'క్లౌ' అని, మరొకచోట 'క్లఫ్' అని వ్రాయకండి. ఏదో ఒకటి ఎన్నుకొని చివరివరకు నిలబెట్టండి. లేఖనం ఏ తర్జుమా నుండి తీసుకొన్నారో మొదటిసారే చెప్పండి. హెబ్రీ మూలంతో పని చేసే విద్యార్థులు వచన సంఖ్యల దగ్గర జాగ్రత్తపడాలి. హెబ్రీలో కీర్తనల శీర్షికలకు కూడా వచన సంఖ్య ఉంటుంది. మన తెలుగు బైబిలులో 51వ కీర్తన మొదటి వచనం అక్కడ మూడవ వచనం. మన యోవేలు 2:28 అక్కడ 3:1. ఇది తెలియక, తప్పు వచనం చూపారని ఒక విద్యార్థిని సభలో నిలదీసిన పెద్దవారు ఉన్నారు. విద్యార్థి చూపినదే సరైనది, కాని ఏ లెక్క ప్రకారమో అథోజ్ఞాపికలో ఒక్క ముక్క వ్రాసి ఉంటే ఆ రభస ఉండేది కాదు. అథోజ్ఞాపికల పద్ధతి విషయంలో సదస్సువారు ఏది అడిగితే అది. ఏమీ చెప్పకపోతే మన కళాశాలలలో అలవాటైన టురాబియన్ పద్ధతి చాలు.

మన సంఘస్థులే ఆధారమైనప్పుడు

గ్రంథాల మీద కాక సంఘం మీద పత్రం వ్రాసే కాపరులు ఎక్కువవుతున్నారు. ఇది శుభసూచన. పల్లె సంఘంలో ఇరవై ఏళ్ళు పని చేసిన కాపరికి తెలిసినంత ఏ విశ్వవిద్యాలయ పరిశోధకునికీ తెలియదు. ఆ తెలివి వ్రాతలోకి రాకుండానే మట్టిలో కలిసిపోతోంది. అయితే ఇక్కడ ఇబ్బందులు కూడా ఎక్కువ. కొంచెం వివరంగా చెబుతాం.

కాపరి అడిగితే సంఘస్థుడు చెప్పే జవాబు, పక్కింటివాడు అడిగితే చెప్పే జవాబు ఒకటి కావు. "ఉపవాస ప్రార్థనకు ఎందుకు వస్తున్నారమ్మా?" అని అయ్యగారే అడిగితే, "మీ వాక్యం కోసమేనండి" అంటారు. ఆ మాటను పట్టికలో చేర్చి, "80 శాతం మంది వాక్యాసక్తితో వస్తున్నారు" అని తేల్చడం తనను తాను మోసగించుకోవడమే. వీలైతే మరొకరిచేత అడిగించాలి. వీలుకాకపోతే "ఈ ప్రశ్నలు వారి కాపరినైన నేనే అడిగాను" అని పత్రంలో వ్రాయాలి. ఆ ఒక్క వాక్యం పత్రం విలువను తగ్గించదు, పెంచుతుంది. శాతాల గురించి కూడా ఒక మాట. ఇరవై మందిని అడిగి 80 శాతం అని వ్రాయడం కంటే, "20 మందిలో 16 మంది" అని వ్రాయడం నిజాయితీ. వినేవారికి ఎంతమందిని అడిగారో వెంటనే తెలుస్తుంది.

ఇక అసలు ప్రమాదం పేర్ల దగ్గర ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులైన దళితులకు ఇవ్వలేదు. మన రాష్ట్రాలలో వారిని బి.సి. – సి గ్రూపులో చేర్చారు. దీని మూలంగా మన సంఘాలలో ఎన్ని కుటుంబాలు కాగితం మీద ఒక పేరుతో, సంఘ రిజిస్టరులో మరొక పేరుతో బతుకుతున్నాయో ఏ కాపరికీ చెప్పనక్కరలేదు. అది న్యాయమా, అన్యాయమా, విశ్వాసమా, భయమా అన్నది వేరే చర్చ. ఆ చర్చ మీద కూడా పత్రాలు రావాలి. కాని ఊరి పేరు, శాఖ పేరు, "ఇద్దరు కుమారులు ప్రభుత్వ ఉద్యోగులైన ఒక విధవరాలు" అన్న మాట, ఈ మూడూ ఒక పేజీలో పడితే చాలు. పేరు మార్చినా ఆమె ఎవరో ఆ మండలంలో అందరికీ తెలుస్తుంది. ఒక అర్జీ పెడితే ఆ కుమారుల ఉద్యోగాల మీదికి వస్తుంది.

మేము ఊహించి చెబుతున్నది కాదు. ఒకసారి సదస్సు సంగ్రహాల పుస్తకంలో ఒక ఊరి పేరుతో, కుటుంబాల సంఖ్యతో, వారి ధ్రువపత్రాల వివరంతో ఒక సంగ్రహం అచ్చయింది. వ్రాసిన కాపరి తన ప్రజల బాధ చెప్పాలనే ప్రేమతో వ్రాశారు. చదివి అంగీకరించింది మేమే. పుస్తకాలు పంచిన తరువాత, ఆ ప్రాంతం నుండి వచ్చిన ఒక సోదరి ఆ పేజీ చూపించి, "అయ్యా, వీళ్ళను మీరు ఇప్పుడు ఏం చేయబోతున్నారు?" అని అడిగింది. ఆ సాయంత్రం గది గదికీ తిరిగి ప్రతులు వెనక్కి తీసుకొన్నాం. నాలుగు దొరకలేదు. అప్పటి నుండి సంఘస్థుల ప్రస్తావన ఉన్న ప్రతి పత్రాన్నీ, పరిశోధన గుణం చూడకముందే, ఈ ఒక్క దృష్టితో మొదట చదువుతున్నాం.

కాబట్టి ఊరి పేరు బదులు "కృష్ణా డెల్టాలోని ఒక గ్రామం" అనండి. కథకు అవసరం లేని వివరాలు తీసివేయండి, లేదా ఇద్దరు ముగ్గురి వివరాలు కలగలిపి, అలా కలిపినట్టు చెప్పండి. ప్రార్థన కోరి రాత్రివేళ ఇంటికి వచ్చి చెప్పుకొన్న సంగతులు పరిశోధన సమాచారం కాదు. వారు ఆనాడు మాట్లాడినది కాపరితో, పరిశోధకునితో కాదు. మళ్ళీ పగటివేళ వెళ్ళి, ఇలా వ్రాయాలనుకొంటున్నాను, మీకు సమ్మతమేనా అని అడగాలి. కాపరి అడిగితే కాదనడం వారికి కష్టం. "వద్దనుకుంటే పెద్ద ఫలానావారితో చెప్పండి, నన్ను కలవనక్కరలేదు" అని ఒక దారి చూపించి రండి.

సంగ్రహం, అమరిక

సదస్సువారు మొదట అడిగేది సంగ్రహం, సాధారణంగా 200 నుండి 250 మాటలు. చాలామంది దీనిని చివరి రాత్రి వ్రాస్తారు. మేము ఎంపిక చేసేది మాత్రం దీనిని చూసే. మొదటి వాక్యంలోనే ప్రశ్న రావాలి. మన ఉదాహరణకు ఇలా ఉండవచ్చు: "కరువు కాలంలో ఒంగోలు మిషన్ బాప్తిస్మాలు నిలిపివేసినందుకు జాన్ ఎవరెట్ క్లౌ ఆ కాలపు ఉత్తరాలలో చెప్పిన కారణాలను, ఆయన మరణానంతరం 1914లో అచ్చయిన ఆత్మకథలోని కారణాలతో ఈ పత్రం పోల్చుతుంది." తరువాత ఏ ఉత్తరాలు, ఎన్ని చదివారు, ఏమి దొరికింది, దానివల్ల మనం ఇన్నాళ్ళుగా చెప్పుకొంటున్న దానిలో ఏది నిలుస్తుంది, ఏది మారుతుంది అన్నవి రావాలి. "ఈ పత్రంలో అనేక కోణాలు చర్చించబడతాయి" అన్న వాక్యం ఎక్కడ కనబడినా, రచయిత ఇంకా పని మొదలుపెట్టలేదని మాకు అర్థమవుతుంది.

విజ్ఞానశాస్త్రం వారు పత్రాన్ని పీఠిక, పద్ధతి, ఫలితం, చర్చ అని నాలుగు భాగాలు చేస్తారు. సంఘ సర్వేల పత్రానికి ఆ అమరిక చక్కగా సరిపోతుంది. లేఖన వ్యాఖ్యానానికీ చరిత్రకూ ఆ శీర్షికలు అతికించనక్కరలేదు. కాని ఏమి చూశాను అన్నదీ, దాని అర్థం ఏమనుకొంటున్నాను అన్నదీ కలిసిపోకూడదన్న నియమం అందరికీ ఒకటే. ఉత్తరంలో క్లౌ ఏమన్నారో ఒక పేరాలో చెప్పండి. ఎందుకు అలా అన్నారని మీరు తలస్తున్నారో మరొక పేరాలో చెప్పండి.

ఇరవై నిమిషాలు

సదస్సులలో ఒక్కొక్క పత్రానికి సాధారణంగా ఇరవై నిమిషాలు ఇస్తారు, అందులో ఐదు ప్రశ్నలకు పోతాయి. మా అనుభవంలో తెలుగులో నిదానంగా చదివితే పదిహేను నిమిషాలకు పదిహేను వందల మాటలు మించవు. మాలో ఒకరు పూర్వం పదునాలుగు పేజీల పత్రంతో ఒక సభకు వెళ్ళారు. ఆరవ పేజీలో అధ్యక్షులు చీటీ పంపారు, ఏడవ పేజీలో గంట కొట్టారు. నిర్ధారణలు పదమూడవ పేజీలో ఉన్నాయి. అవి ఇప్పటికీ ఎవరూ వినలేదు. ఇంటి దగ్గర గడియారం పెట్టుకొని, పెద్దగా చదివి, రెండుసార్లు సరిచూసుకోండి. కాపరులకు పత్రం మధ్యలో కాగితం వదిలి ప్రసంగంలోకి దిగే అలవాటు ఉంది. దిగారంటే మళ్ళీ ఎక్కడం కష్టం. ఉత్తరాలలోని ముఖ్యమైన భాగాలను ఒక కాగితం మీద అచ్చువేసి పంచితే, చదివే సమయమూ మిగులుతుంది, శ్రోతలు కళ్ళతో సరిచూసుకొంటారు.

ప్రతిని పంపేటప్పుడు యూనికోడ్‌లో పంపండి, తోడుగా పి.డి.ఎఫ్. జతచేయండి. అను ఫాంట్లలో కంపోజు చేసిన పత్రం ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అన్యభాషలలో మాట్లాడుతుంది, అర్థం చెప్పేవాడు ఉండడు.

ప్రశ్నల సమయంలో ఎవరో ఒక పెద్దాయన లేచి ప్రశ్నకు బదులు తన సాక్ష్యం చెబుతారు. కృతజ్ఞతలు చెప్పి ఊరుకోండి. నిజమైన ప్రశ్న వచ్చి, జవాబు తెలియకపోతే "అది నేను చూడలేదు" అనండి. ప్రసంగ వేదిక మీద ఆ మాట అనవలసిన అవసరం రాదు గనుక మొదటిసారి గొంతులో అడ్డుపడుతుంది. ప్రశ్నను కాగితం మీద వ్రాసుకోండి, అడిగినవారి పేరు కూడా. అచ్చుకు ఇచ్చే ప్రతిలో ఆ సవరణ చేర్చి, అథోజ్ఞాపికలో వారికి కృతజ్ఞత చెప్పడం మర్యాద.

సంఘస్థుల మాటల మీద ఆధారపడిన పత్రమైతే సదస్సుకు వెళ్ళకముందు మరొక పని ఉంది. ఎవరి మాటలు అందులో ఉన్నాయో వారిని నలుగురిని కూర్చోబెట్టి, పత్రమంతా తెలుగులో చదివి వినిపించండి. ఆంగ్లంలో వ్రాసి ఉంటే తెలుగులో చెప్పండి. "నేను అలా అనలేదయ్యా" అని ఎవరైనా అంటే, ఆ చోట పెన్సిలుతో గీత గీసి, ఆ రాత్రే సరిచేయండి.